గొట్టం మీద దిష్టికుండ

నా ఉద్యోగం ఏమిటో చెప్పగానే మనుషులు ఒక అడుగు వెనక్కి వేస్తారు. "బుల్లెట్లు పరీక్షిస్తాను" అంటాను మరి. గ్యాసును టన్నుల లెక్కన నిలవ చేసే పొడవాటి ఇనుప ట్యాంకును మా వాళ్లు బుల్లెట్ అంటారు. రెండు కొసలూ గుండ్రంగా, పడుకోబెట్టిన మందుబిళ్లలా ఉంటుంది. కానీ కడప జిల్లా మనిషి నోట బుల్లెట్ అన్న మాట వింటే ఎదుటివాళ్ల ఊహ ఎటు పోతుందో వేరే చెప్పాలా? పెళ్లిచూపుల రోజు మా మామగారు ఆ మాట విని చేతిలోని మంచినీళ్ల గ్లాసు కింద పెట్టేశారట. మోటారుసైకిలేమో అనుకుని కొంచెం కుదుటపడ్డారట. అసలు సంగతి తెలిశాక, "అంటే పిల్లోడు గ్యాసు కొడతాడన్నమాట" అని తేల్చారు. ఇన్నేళ్లలో నా వృత్తిని అంత క్లుప్తంగా చెప్పినవారు లేరు.

నిజానికి నేను కొలిచేది ఒత్తిడి. కొలిచే వాడికి అది అంటుకోదని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఎండాకాలం వచ్చిందంటే నాకు కుదురుండదు. బయట ఎండ ముదిరే కొద్దీ ట్యాంకులోని ద్రవం వేడెక్కుతుంది, ఆవిరి పెరుగుతుంది, ఇనుము లోపలి నుంచి బిగుసుకుంటుంది. కర్నూలు, కడప జిల్లాల్లో నేను చూసిన ట్యాంకులన్నీ ఆ వేళకు నా తలలో వరసగా వచ్చి పడుకుంటాయి. మధ్యాహ్నం అన్నం తిని నడుం వాలిస్తే ఫ్యాను గాలిలో సన్నటి బుస వినిపిస్తుంది. లేచి వంటింట్లోకి పోయి సిలిండర్ దగ్గర చెవి పెడతాను, ముక్కు పెడతాను, సబ్బునీళ్ల గిన్నె కోసం వెతుకుతాను. మా ఆవిడ పక్కగది నుంచే చెబుతుంది:

"అది మొన్ననే మార్చినాం. పోయి పడుకో. బుస కొడతాండేది అది కాదు, నువ్వు."

ఆమె మాట కాదనలేను. ఏ ట్యాంకుకైనా సేఫ్టీ వాల్వు ఒకటి ఉంటుంది, లోపలి ఒత్తిడి హద్దు దాటితే దానంతట అదే తెరుచుకుని కొంత గ్యాసు వదిలి మళ్లీ మూసుకుంటుంది. దేవుడు నాకు ఆ సామాను బిగించడం మరచిపోయాడు.

డోన్ ఊరి బయట ఒక రొట్టెల ఫ్యాక్టరీ ఉంది. బ్రెడ్డు, బన్నులు, రస్కులు చేస్తారు. ఒకప్పుడు కట్టెల పొయ్యి మీద నడిచిన చిన్న బేకరీ అది. యజమాని పోయాక ఆయన భార్య దాన్ని పెద్దది చేసి, గ్యాసు పొయ్యిలు పెట్టి, వెనక ఖాళీ స్థలంలో ఒక బుల్లెట్ వేయించింది. ఊళ్లో అందరూ ఆమెను ఆపా, అంటే అక్కా, అంటారు. నేనూ అదే అంటాను. వయసులో నాకంటే ఎంతో పెద్దది కాదు, కానీ ఆమె ఎదుట నిలబడితే ఎవరికైనా తమ్ముడై పోవాలనిపిస్తుంది.

ఆ ట్యాంకును పాత పరీక్షకుడు మానేశాక నాకు అప్పగించారు. రంజాన్ నెల దగ్గరపడుతోంది, ఎండలు అప్పుడే పళ్లు నూరుతున్నాయి. కడప నుంచి పొద్దున్నే బయలుదేరి నంద్యాలలో బస్సు మారాను. బేతంచెర్ల దగ్గర బండల పొడి పడి తెల్లబడిన చెట్లను చూస్తూ, ఎన్నడూ చూడని ఆ ట్యాంకు గురించి ముందుగానే బెంగ పెట్టుకున్నాను. పరిచయం లేని ట్యాంకు గురించి కూడా దిగులు పడగలగడం నా ప్రత్యేకత.

బస్సు దిగి మట్టిదారిలో నడుస్తుంటే ఫ్యాక్టరీ గోడ పైన ఒక తల కనిపించింది. తెల్లటి ముఖం, నల్లటి కళ్లు, బయటికి చాచిన ఎర్రటి నాలుక. ఇంకాస్త దగ్గరికి పోతే దిష్టికుండ అని తెలిసింది. ఇళ్లు కట్టేచోట కట్టెకు తగిలించడం, పంటచేలో కర్రకు బోర్లించడం మామూలే కదా. మరి నాలుగడుగులు వేశాక అది దేని మీద కూర్చుందో చూసి నా కాళ్లు నిలిచిపోయాయి.

సేఫ్టీ వాల్వు వదిలే గ్యాసు మనుషుల మధ్యకు రాకుండా, వాల్వు మీద నిట్టనిలువుగా ఒక గొట్టం పెడతారు. ఆ ఆవరణలో అన్నిటికంటే ఎత్తైనది అదే. దాని మూతి ఎప్పుడూ తెరిచే ఉండాలి. వానకు తడవకుండా తేలికపాటి మూత వేయవచ్చు, గ్యాసు తన్నుకొస్తే ఆ మూత ఎగిరిపోతుంది. ఇక్కడ ఆ మూతి మీద కుండ బోర్లించి, అంచు చుట్టూ సిమెంటు మెత్తి, బైండింగు వైరుతో బిగించి, పైన నల్లదారం కట్టారు. నాలుక చాచిన ఆ కుండ నన్నే వెక్కిరిస్తున్నట్టుంది.

విషయాన్ని కుండ బద్దలు కొట్టినట్టు చెప్పాలని లోపలికి పోయాను. చిక్కల్లా, కొట్టాల్సిన కుండ కూడా అదే.

గేటు దగ్గర పొయ్యిల మేస్త్రీ ఎదురొచ్చాడు. ఒక కాలు కొంచెం ఈడుస్తూ నడుస్తాడు. వెనకే ఆపా. వరండాలో రస్కులు పొట్లాలు కట్టే ఆడవాళ్లు చేతులు ఆపకుండానే నన్ను చూస్తున్నారు.

"ఆ కుండ ఎవరు పెట్టారు?" అన్నాను.

"నేనే పెట్టినా సారూ," అన్నాడు మేస్త్రీ, మెచ్చుకుంటానేమో అన్నట్టు. "మొదట ఉత్తగా బోర్లిస్తి. ఈడ గాలి సంగతి తెల్సు కదా, ఆ గుట్టల మింద గాలిమరలు ఊరికే తిరుగుతాండాయా? పెట్టిన కుండ పెట్టినట్టే ఎగిరిపాయ. అందుకే సిమెంటు వేస్తి. ఇంగ కదిల్తే ఒట్టు."

"దారం నేను కట్టించినా. దర్గా నుంచి తెచ్చినాము," అంది ఆపా. "మీరు దిష్టి అంటారు, మేము నజర్ అంటాము. కుండ మటుకు ఒకటే కదా సారూ."

"అసలు దాని మీదే ఎందుకు పెట్టారు?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తెలియనట్టు అడుగుతాడేమి అన్నట్టు.

"అరిసింది అదే కదా సారూ," అన్నాడు మేస్త్రీ.

పోయిన ఎండాకాలం జరిగిన సంగతి అప్పుడు బయటపడింది. మిట్టమధ్యాహ్నం, పొయ్యిల్లో బన్నులు ఉన్నాయి. ఉన్నట్టుండి ఆ గొట్టం ఊరంతా వినపడేట్టు అరిచి తెల్లటి పొగ కక్కింది.

"పొయ్యిలు ఆర్పేస్తి. ఆడోళ్లంతా ఆ వెనక గోడ దూకి పరిగెత్తిరి," అన్నాడు మేస్త్రీ. "నేనూ దూకితి. వాళ్లు నిలబడిరి, నేను పడితి. కాలు పాయ."

"ముందు దూకింది నువ్వే," అంది వరండాలోంచి ఒక పెద్దామె. పొట్లాలు కట్టేవాళ్లలో వయసులోనూ మాటలోనూ ఆమెదే పైచెయ్యి. "మేము నీ మింద నుంచి దూకితిమి."

ఎవరికీ ఇంకేమీ కాలేదు. గొట్టం కాసేపటికి తనంతట తాను ఆగింది. కానీ ఆ తరువాత ఆడవాళ్లెవరూ పనికి రాలేదు. పొయ్యిలు చల్లారిపోయాయి. కొత్త ఫ్యాక్టరీ మీద ఎవరి కన్నో పడిందన్నారు. కుండ పెట్టాక గానీ, అది గాలికి ఊగకుండా నిలిచాక గానీ వాళ్లు తిరిగి గేటు లోపల అడుగు పెట్టలేదు. అరిచిన నోరు మూయించారు కాబట్టి ధైర్యం.

నేను ట్యాంకు చుట్టూ తిరిగి చూశాను. లోపల ఎంత ఉందో చూపించే ముల్లు సగం దగ్గర ఇరుక్కుని ఉంది. గాజు మీద తట్టినా కదల్లేదు. కథ అర్థమైపోయింది. గ్యాసు ట్యాంకరు చల్లటి పొద్దున వచ్చి ఉంటుంది, ముల్లు సగమే చూపిస్తోంది కదా అని హద్దు దాటి నింపి ఉంటారు. మధ్యాహ్నం ఎండకు ద్రవం ఉబ్బి, చోటు చాలక ఒత్తిడి పెరిగింది. వాల్వు తెరుచుకుంది. ఆ రోజు అందరినీ బతికించింది ఆ అరుపే. ఇంత చక్కగా పనిచేసిన దాన్ని పట్టుకుని, దోషిని చేసి, ముఖం మీద కుండ బోర్లించారు.

ఇలాంటప్పుడు చెప్పడానికి నా దగ్గర కుక్కరు ఉపన్యాసం ఒకటి ఉంది. ఏళ్ల తరబడి అరగదీసినది. వరండా ముందు నిలబడి మొదలుపెట్టాను. కుక్కరు విజిలు వేస్తే భయపడతామా? వేయకపోతే కదా భయం. ఇదీ అంతే, పెద్ద కుక్కరు అనుకోండి.

"కుక్కరు ఇంట్లోనే ఉంటాది, దినామూ అరుస్తాది," అంది పెద్దామె. "దాన్ని చూసి గోడ దూకినోళ్లు ఉండారా సారూ? ఇది వేరే."

పక్కనున్నామె రస్కు విరిచి నోట్లో వేసుకుంటూ, "కుక్కరుకు నువ్వే కుండ పెట్టమన్నా ఎవురూ పెట్టరు," అంది. అందరూ నవ్వారు. నా ఉపన్యాసానికి అంత మంచి స్పందన ఎప్పుడూ రాలేదు, కాకపోతే అటు నుంచి.

ఆపా నన్ను పక్కకు పిలిచింది.

"సారూ, ఉన్నమాట చెప్తా. కుండ దించితే వీళ్లు రారు. రంజాన్ ముందర పొయ్యి ఆగితే నేను లేస్తానా? తెల్లారక ముందు సహరీకి శానా ఇండ్లలో మా బన్ను, మా రస్కే. ఆయప్ప పోయినాక ఇది నిలబడదన్నారు. నిలబెట్టినా. ఇంగోసారి వీళ్లు పోతే మళ్లీ రారు."

"కుండ ఉంటే నేను సంతకం పెట్టలేను ఆపా. సంతకం లేకపోతే ట్యాంకరు రాదు."

"అంటే కుండ ఉంటే గ్యాసు లేదు, కుండ లేకుంటే మనుషులు లేరు."

ఒత్తిడి గురించి అంత స్పష్టంగా నేనైనా చెప్పలేను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని నావైపు చూస్తూ నిలబడింది. మరేదైనా ఉద్యోగం చూసుకుని ఉంటే ఈపాటికి ఏ ఏసీ గదిలోనో కూర్చుని జనాల బీమా కాగితాలు చూసుకునేవాణ్ణి కదా అనిపించింది. ఆ కుర్చీలోనూ ఇలాగే అటూ ఇటూ కదులుతూ ఉండేవాణ్ణి, అది వేరే సంగతి.

చివరికి ఒక ఉపాయం తోచింది. అది తోచకుండా ఉన్నా బాగుండేదేమో. వాల్వు విప్పి, ఆవరణలో ఒక మూలన అందరి ఎదుటా పరీక్షిస్తాను. అది ఎంత చిన్నగా, ఎంత బుద్ధిగా తెరుచుకుని మూసుకుంటుందో వాళ్లే చెవులారా వింటారు. భయం పోతుంది. ఆపా వాళ్లను ఒప్పించింది.

నా పరీక్ష బల్ల ఒక ఇనుప పెట్టె. డోన్‌లో తెలిసిన వెల్డింగు షాపులో పెట్టి ఉంచుతాను. మరునాడు పొద్దున చల్లగా ఉండగానే దాన్నీ, ఒక నైట్రోజన్ సిలిండరునూ ట్రాలీ ఆటోలో వేసుకొచ్చాను. ఫోన్లన్నీ గేటు దగ్గరే పెట్టించాను. పొయ్యిలు ఆర్పించాను. వాల్వు కింద దారి మూసే ఏర్పాటు ఉంటుంది. దాన్ని మూసి, గొట్టంతో సహా వాల్వును విప్పి, ముందే పరీక్షించి తెచ్చిన నా సొంత వాల్వును అక్కడ బిగించి మళ్లీ దారి తెరిచాను.

మేస్త్రీ, నేనూ కలిసి గొట్టాన్ని కిందికి దించాం. కుండ దాని కొసనే ఉంది. నేల మీద పడుకోబెడితే, నాలుక చాచిన మనిషి దుప్పటి కప్పుకుని పడుకున్నట్టుంది. ఆడవాళ్లు కొంచెం వెనక్కి జరిగారు.

గొట్టాన్ని విప్పి, వాల్వును నా బల్ల మీద బిగించాను. "ఇప్పుడు గాలి ఎక్కిస్తాను. ముల్లు ఈ ఎర్రగీత దగ్గరికి రాగానే పట్ మంటుంది, అంతే," అన్నాను. చేతులు కట్టుకుని చుట్టూ నిలబడ్డారు. పెద్దామె రెండు చెవుల్లోనూ వేళ్లు పెట్టుకుంది.

ముల్లు పైకి పాకింది. ఎర్రగీత దగ్గరికి వచ్చింది. నేను నవ్వడానికి సిద్ధంగా ఉన్నాను.

ముల్లు గీత దాటింది.

శబ్దం లేదు. ఇంకొంచెం ఎక్కించాను. ఇంకొంచెం. ఎక్కడో వెనక వీధిలో కోడి కూత వినపడింది. వాల్వు మాత్రం రాయిలా కూర్చుంది. ఇక ఎక్కించకూడదని నైట్రోజన్ కట్టేశాను.

పెద్దామె చెవుల్లోంచి వేళ్లు తీసింది. "అయిపాయనా?"

నేను వంగి ముల్లు గాజు మీద తట్టాను.

"అరవలా," అంది ఆమె మిగతావాళ్లతో, ముఖం విప్పారింది. "చూసినారా, కుండ మహిమ. నోరు మూసింది."

వాళ్లలో వాళ్లు సంతోషంగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. నేను గాలంతా వదిలేసి వాల్వు విప్పి బల్ల మీద పరిచాను. కుండ లోపల చేరిన చెమ్మ కిందికి కారి స్ప్రింగు తుప్పు పట్టింది. గొట్టం అడుగున నీళ్లు పోవడానికి ఉంచిన చిన్న రంధ్రంలోంచి కుమ్మరి కందిరీగ దూరి లోపల మట్టిగూడు కట్టుకుంది. ఆ మట్టి రాలి, తడిసి, ఎండి, తెరుచుకోవాల్సిన పళ్లెం మీద గట్టిగా పేరుకుంది. పైన కుమ్మరి కుండ, కింద కుమ్మరి కందిరీగ కాపురం. ఇంకెప్పుడైనా అయితే ఆ మాట మీద ఇంటిదాకా నవ్వుకుంటూ పోయేవాణ్ణి. ఎన్ని నెలలుగా ఇది ఇలా ఉందో, ముల్లు ఇరుక్కున్న ఆ ట్యాంకులోకి ఎన్నిసార్లు అంచనా మీద గ్యాసు నింపారో వేళ్ల మీద లెక్కపెట్టబోయి ఆపేశాను.

"సారూ, ముఖం ఏంటికట్ల పాలిపాయ?" అంది ఆపా.

"అరవాలి ఆపా," అన్నాను. "ఆ గీత దగ్గర అరవాలి. అరవలేదు."

గ్యాసు కొట్టడానికి కూడా నా దగ్గర ఏమీ మిగల్లేదు.

ఆమె నన్ను చూసింది. బల్ల మీది తుప్పునూ మట్టినీ చూసింది. తరువాత పెద్దామె వైపు తిరిగింది.

"అక్కా, బిడ్డకు దిష్టి తీస్తావు కదా. ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేస్తావు. ఘాటు వచ్చి అందరూ దగ్గితే ఏమంటావు?"

"దిష్టి లేదంటా."

"ఘాటు రాకుంటే?"

"దిష్టి శానా ఉండాదంటా. మిరపకాయ మండి కూడా దగ్గు రాలేదంటే ఇంగేముండాది, నీకు తెల్దా?"

"మరి ఇది?" అంది ఆపా, వాల్వును చూపిస్తూ. "అరవాల్సిన చోట అరవలా. ఇంత గాలి పట్టించినా నోరు తెరవలా. దీన్నేమంటావు?"

నవ్వులు ఆగిపోయాయి. పెద్దామె వాల్వును చూసింది, నేల మీద పడుకున్న కుండను చూసింది. మెల్లగా కాళ్లు వెనక్కి తీసుకుంది. మిగతావాళ్లూ జరిగారు. నా కుక్కరు ఏళ్లపాటు ఉడికించలేనిది ఆ మిరపకాయలు ఒక్క క్షణంలో మండించాయి.

"అంటే ఆ పొద్దు అరిసింది..." అంది పెద్దామె.

"ఆ పొద్దు దగ్గింది," అంది ఆపా. "బాగుండింది కాబట్టి దగ్గింది. మనమే నోట్లో గుడ్డ కుక్కినాము."

మేస్త్రీ తన కాలు వైపు చూసుకుని, "అట్లయితే నేను ఊరికే దూకితినా?" అన్నాడు.

కానీ అంతటితో తెగలేదు. కుండ గొట్టం మీద వద్దు, సరే. అసలు కుండే లేకపోతే ఎలా? ఇంత పెద్ద ఫ్యాక్టరీ, రోడ్డున పోయే ప్రతి కన్నూ దాని మీదే పడుతుంది. "ఏదో ఒకటి ఉండాలప్పా. బోడిగా ఉంటే మేము రాము," అన్నారు.

నా జాబితాలో ఇంకో లోపం అప్పటికే ఉంది. గ్యాసు ట్యాంకు ఉన్నచోట ఎత్తైన స్తంభానికి గాలిసంచి కట్టాలి. గాలి ఎటు వీస్తుందో చూపించే పొడవాటి నారింజరంగు గుడ్డ అది. గ్యాసు లీకైతే గాలికి అడ్డంగా, గ్యాసు రాని దిక్కుకు పరిగెత్తాలి కాబట్టి. అక్కడ స్తంభమే లేదు. ఆ మాట చెప్పగానే మేస్త్రీ తల ఎత్తాడు.

"ఆ పొద్దు అది ఉండింటే గేటు దిక్కు పోయేవాణ్ణి కదా సారూ. పొగ గోడ దిక్కే వస్తాండె. పొగలోకే పోయి దూకితిమి."

అలా నిర్ణయమైంది. గొట్టం కంటే ఎత్తుగా ఒక స్తంభం, దానికి గాలిసంచి, దాని తల మీద కొత్త కుండ. చూసే కన్ను ముందు దాని మీదే పడుతుంది. పాత బోరు పైపు ఒకటి మూలన ఉంటే వెల్డింగు షాపు మనిషి సాయంత్రానికి నిలబెట్టి పోయాడు. పాత కుండను సిమెంటుతో సహా ఊడగొట్టి, గొట్టాన్ని నా వాల్వు మీద నిలబెట్టి, తేలికపాటి వానమూత పెట్టాను. నా రిపోర్టులో స్తంభం గురించి రాసేటప్పుడు కుండను ఏమనాలో తెలియక, 'పైన అలంకారం' అని రాశాను. పై అధికారులు దాన్ని ప్రశ్నించలేదు. బహుశా అలంకారశాస్త్రం మీద గౌరవం కావచ్చు.

ఆ మరునాడు పొద్దున గేటు దగ్గర నేను, ఆపా, మేస్త్రీ నిలబడ్డాం. పని మొదలయ్యే వేళ దాటుతోంది. ఆపా తస్బీ పూసలు జరుపుతోంది. నేను గేటుకూ రోడ్డుకూ మధ్య తిరుగుతున్నాను. "కూచోప్పా సారూ, నిన్ను చూస్తే నాకు తల తిరుగుతాండాది," అన్నాడు మేస్త్రీ. దూరంగా మట్టిదారి మీద గుంపు కనిపించింది. గేటు ముందు ఆగి, అందరూ తలలెత్తి చూశారు. కుండ ఉంది, నాలుక ఉంది, దాని కింద నారింజరంగు సంచి గాలికి నిండి ఊగుతోంది.

"ఇది మేలు," అంది పెద్దామె. "తోక కూడా పెట్టినారు."

లోపలికి నడిచారు. ఆపా పూసలు జరపడం ఆపి కళ్లు మూసుకుంది. నేను కొత్త ముల్లు పెట్టించే పని చూసుకుని, సంతకం పెట్టి కడప బస్సెక్కాను.

కథ ఇక్కడ ఆగిపోవాలి. నాలాంటి వాడికి ఏదీ ఆగదు. నేను గేటు దాటాక ఏమవుతుంది? ఏ పొద్దో గాలికి కొత్త కుండ పడి పగిలితే? ఎవరికో జ్వరం వచ్చి, మళ్లీ పాత గొట్టం మీద అనుమానం మొదలైతే? మేస్త్రీ దగ్గర సిమెంటు ఇంకా మిగిలే ఉందిగా. రంజాన్ గడిచింది, పండుగకు ఆపా పంపిన సేమియా తిన్నాం. అది తింటూ కూడా గొట్టం గురించే ఆలోచించాను. "సేమియా పోగులు కూడా గొట్టాల మాదిరే కనపడతాండాయా?" అంది మా ఆవిడ.

ఎండలు బాగా ముదిరాక వేరే పని మీద ఆ దారినే బస్సులో పోతున్నాను. ఫ్యాక్టరీ వచ్చే మలుపు దగ్గర కిటికీలోంచి మెడ సాచాను. గొట్టం కనిపించింది. గొట్టం మీద కుండ కనిపించింది.

"ఆపప్పా, ఆపు," అని అరిచాను.

"ఈడ స్టాపు లేదు," అన్నాడు కండక్టరు.

"నేను దిగాలి."

"వాంతి వస్తాండాదా?"

"వచ్చేట్టే ఉంది."

ఆ మాటకు వెంటనే ఆపారు. ఎర్రటి ఎండలో చేనికి అడ్డం పడి నడిచాను. నడుస్తూ ఆపాకు ఫోను చేశాను. మోగుతోంది, ఎత్తదు. మేస్త్రీకి చేశాను. ఎత్తడు. లోపల ఫోన్లు వాడరాదని గేటు మీద బోర్డు రాయించింది నేనే అని సగం దారిలో గుర్తొచ్చింది. చెప్పులో ముల్లు దిగింది. ట్యాంకు మీది ముల్లు ఎక్కడుందోనన్న దిగులులో దాన్ని తీసుకోలేదు.

గేటు దగ్గరికి చేరేసరికి చొక్కా వంటికి అతుక్కుపోయింది. లోపలికి తొంగి చూశాను. గొట్టం మూతి మీద నేను పెట్టిన తేలిక మూత, అంతే. స్తంభం దాని వెనక కొంత దూరాన ఉంది. రోడ్డు మలుపు నుంచి చూస్తే రెండూ ఒకే వరసలోకి వచ్చి, దాని తల దీని మీద కూర్చున్నట్టు కనిపిస్తుంది. ఆ క్షణాన గాలి కూడా పడిపోయి ఉంటుంది, తోక కిందికి వాలి గొట్టం చాటున దాక్కుంది. ట్యాంకు వేడెక్కకుండా దాని మీద చల్లటి నీళ్లు జల్లులా పడుతున్నాయి. గోరింకలు రెండు ఆ జల్లులో స్నానం చేస్తున్నాయి. ముల్లు హద్దు లోపలే ఉంది.

నన్ను చూసి ఆపా పరుగున వచ్చింది. "ఏమైంది సారూ? ఎవురికన్నా ఏమన్నా..."

జరిగింది చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. వరండా అంతా పగలబడి నవ్వింది. మేస్త్రీ నవ్వుతూ నవ్వుతూ గోడ పట్టుకున్నాడు.

ఆపా మాత్రం నవ్వలేదు. నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "మీకే నజర్ తగిలినట్టుండాది. కుదురే లేదు మీకు. అక్కా, మిరపకాయలు తీసుకురా."

వద్దన్నాను. వినలేదు. పెద్దామె గుప్పెట్లో ఎండుమిరపకాయలు, రాళ్లుప్పు పట్టుకుని, మేస్త్రీ పెనంలో నిప్పులు పట్టుకుని వచ్చారు. నిప్పులు చూడగానే నాలోని ఉద్యోగి లేచాడు.

"ఇక్కడ కాదు. గేటు బయటికి పదండి. ఇంకా. రోడ్డు అవతలికి."

"దిష్టికి కూడా దూరం కొలుస్తాడప్పా ఈ సారు," అంది పెద్దామె. గాలిసంచి వైపు చూసి, గాలి ఎటు వీస్తోందో తేల్చుకుని, నన్ను రోడ్డు అవతల నిలబెట్టింది. తల చుట్టూ గుప్పెట తిప్పి, మూడుసార్లు ఉమ్మి, నిప్పుల్లో వేసింది.

అందరూ పెనం వైపే చూశారు. నేనూ చూశాను. ఉప్పు చిటపటమంది. మిరపకాయలు నల్లబడ్డాయి. అప్పుడు వచ్చింది ఘాటు. ముందు ఆపా దగ్గింది, తరువాత మేస్త్రీ, తరువాత పెద్దామె. నేను కళ్లనీళ్లు కారేదాకా, నడుం వంగిపోయేదాకా దగ్గాను.

"దిష్టి లేదు," అంది పెద్దామె కళ్లు తుడుచుకుంటూ.

"సారుకు దిష్టి యాడ తగుల్తాదిలే అక్కా," అన్నాడు మేస్త్రీ. "చూసేదానికి ఏముండాదని?"

వాళ్లిచ్చిన రస్కు, టీ పుచ్చుకుని తిరుగు బస్సెక్కాను. ఫ్యాక్టరీ వైపు కిటికీ పక్క సీటు ఖాళీగానే ఉంది. కావాలనే రెండో వైపు కూర్చున్నాను. కళ్లు మూసుకున్నాను. అంతా సరిగా ఉంది, నా కళ్లతో చూశాను, దగ్గాను కూడా. ఇంక చూడాల్సిందేమీ లేదు.

మలుపు దగ్గర లేచి నిలబడి చూశాను.